గెక్కో కాళ్ళు ఈడుస్తోంది, దవడ మెత్తబడింది: పక్షవాతం కాదమ్మా, ఈ రాత్రే చెయ్యాల్సిన పనులు ఇవి

గుణుపురం నుంచి అడిగిన అమ్మకి నమస్కారం. మీరు రాసింది నాకు అర్థమైనంతవరకు ముందు చెప్తాను, ఎక్కడైనా తప్పుంటే సరిచెయ్యండి. మీ బాబు ఎనిమిదో తరగతి, ఏడాదిన్నర నుంచి ఒక లెపర్డ్ గెక్కోని, అంటే ఒంటి మీద చుక్కలుండే పెంపుడు బల్లిని, పెంచుతున్నాడు. పన్నెండు రోజులై అది తినట్లేదు, కాలి వేళ్ళు వాటంతటవే అదురుతున్నాయి, వెనక కాళ్ళు ఈడ్చుకుంటూ నడుస్తోంది, కింది దవడ వేలితో తాకితే వంగుతోంది, ఒక కన్ను మూసే ఉంచుతోంది. ఇసక మీద ఉంచారు, పైన ఎర్ర బల్బు, తిండి మొదట్నుంచీ మీల్‌వార్ములే, మేతకని అమ్మే పురుగులు. ఇది పక్షవాతమా, మనుషుల కాల్షియం సిరప్ రెండు చుక్కలు వెయ్యొచ్చా, అసలు బతుకుతుందా, బాబు రాత్రిళ్ళు దాని పక్కనే కూర్చుని ఏడుస్తున్నాడు అని రాశారు.

ఇది పక్షవాతం కాదు. మీరు చెప్పినవన్నీ కలిపి చూస్తే కాల్షియం తగ్గి ఎముకలు మెత్తబడే జబ్బు, మెటబాలిక్ బోన్ డిసీజ్ అంటారు, దాదాపు అదే. సిరప్ వెయ్యకండి. బతికే అవకాశం బాగానే ఉంది, కానీ వేళ్ళు అదురుతున్నాయంటే ఇంట్లో పొడి చల్లి చూద్దాం అనే దశ దాటిపోయింది, రెండు రోజుల్లోపు డాక్టర్ చూడాల్సిందే. ఆ లోపు మీ చేతిలో ఉన్నది మందు కాదమ్మా, వేడి. కడుపు కింద సరైన వేడి లేకపోతే గెక్కోకి తిన్నది అరగదు, కాల్షియం ఒంటికి పట్టదు, రేపు డాక్టర్ ఇచ్చే మందు కూడా సరిగ్గా పనిచెయ్యదు. నా దగ్గరికి జబ్బుతో వచ్చిన ప్రతి గెక్కోకీ నేను మొదట చూసేది నోరూ కాదు కాళ్ళూ కాదు, ట్యాంకులో థర్మామీటర్ ఎంత చూపిస్తోంది అనే.

నా సంగతి చెప్పాలి కదా, నేను పర్లాకిమిడిలో అక్వేరియం షాపు నడుపుతాను, చేపలతో మొదలుపెట్టి 2015 నుంచి లెపర్డ్ గెక్కోలు పెంచుతున్నాను, ఇప్పుడు ఇంట్లో ఆరున్నాయి, అందులో నాలుగు ఎవరో పెంచలేక జబ్బు చేశాక తెచ్చి ఇచ్చినవే. డాక్టర్ని కాదు. డోసులు నన్ను అడగొద్దు, నేను చెప్పను.

ఈ రాత్రి చెయ్యాల్సినవి

ఇసక మొత్తం తీసెయ్యండి, వంటింట్లో వాడే టిష్యూ పేపర్ రెండు పొరలు పరవండి. ఇవి ఎడారి జీవులు కదా ఇసకే మంచిదని షాపులో చెప్పారని రాశారు, ఆ మాట చాలామంది చెప్తారు, కానీ వీటి సొంతూరు పాకిస్తాన్, అఫ్గానిస్తాన్, మన దేశంలో వాయవ్య మూల ఉండే రాతి గుట్టలు, గట్టి నేల, రాళ్ళ సందులు. ఒంట్లో కాల్షియం తక్కువైన గెక్కో ఆ కరువుతో ఇసకని నాకుతుంది, అది పేగుల్లో గడ్డకట్టి దారి మూసేస్తుంది. అందుకే ఒక్క విషయం చూసి చెప్పండి, చివరిసారి రెట్ట ఎప్పుడు వేసింది, పొట్ట ఉబ్బి చర్మం కింద నీలంగా ఏమైనా కనిపిస్తోందా. అలా ఉంటే రెండు రోజులు కూడా ఆగొద్దు.

ఎక్కడానికి పెట్టిన రాళ్ళు, కొమ్మలు తీసెయ్యండి. ఈ స్థితిలో నాలుగంగుళాల ఎత్తు నుంచి జారినా ఎముక విరగొచ్చు. బాబుకి నచ్చచెప్పి చేతిలోకి తీసుకోవడం పూర్తిగా ఆపించండి, తియ్యాల్సి వస్తే పొట్ట కింద అరచెయ్యి మొత్తం పెట్టి ఎత్తాలి, తోక ముట్టుకోకూడదు, భయపడితే తోక వదిలేస్తుంది, దాని నిలవ కొవ్వంతా అందులోనే ఉంది, ఇప్పుడది పోతే కోలుకోవడం ఇంకా కష్టం.

వేడి. ఈ ధనుర్మాసం చలికి మీ వైపు వంశధార గాలి తగిలే ఇళ్ళల్లో ఎర్ర బల్బు ఏమాత్రం చాలదు, పైగా రాత్రంతా వెలుగు ఉంటే అది బయటికే రాదు. ట్యాంకులో ఒక పక్క, కడుపు ఆనే చోట, 31 నుంచి 33 డిగ్రీలు ఉండాలి, రెండో పక్క 24 నుంచి 26. రెండూ ఉండాలి, ఎందుకంటే దానికి ఒంట్లో వేడి పుట్టదు, ఎంత కావాలో అదే అటూ ఇటూ జరిగి చూసుకుంటుంది. కొలవడానికి చేపల ట్యాంకుకి వాడే వైరున్న డిజిటల్ థర్మామీటర్ చాలు, ఏ అక్వేరియం షాపులోనైనా దొరుకుతుంది, దాని కొసని టిష్యూ మీద గెక్కో పడుకునే చోటే పెట్టండి, గోడకి అంటించొద్దు. హీట్ మ్యాట్, అంటే ట్యాంకు కింద పెట్టే కరెంటు వేడి పలక, లేదని రాశారు, ఆర్డర్ పెట్టండి, వచ్చేదాకా వేడినీళ్ళు పోసిన బాటిల్‌కి తువ్వాలు చుట్టి ఒక మూల పెట్టండి, రెండు మూడు గంటలకోసారి మార్చండి. మీ మణికట్టు లోపలి వైపు తువ్వాలు మీద ఆనిస్తే గోరువెచ్చగా హాయిగా ఉండాలి, చురుక్కుమంటే ఎక్కువైనట్టే.

మ్యాట్ వచ్చాక థర్మోస్టాట్, అంటే వేడి మించకుండా కరెంటు ఆపే పరికరం, లేకుండా ఒక్క రాత్రి కూడా ఆన్ చెయ్యకండి. ఇది నా మొదటి గెక్కో ప్రాణం తీసి నేర్పిన పాఠం. 2016లో దాని పేరు బంగారి, పసుప్పచ్చ మీద సన్నటి చుక్కలు, షాపు తెరిచే వేళకి గాజు దగ్గరికి వచ్చి నించునేది. మ్యాట్ నేరుగా ప్లగ్గులో పెట్టాను, పైన గాలి వెచ్చగా ఉంటే చాలనుకున్నాను, గాజు కిందైతే ఎంత కాలుతోందో ఎప్పుడూ కొలవలేదు. గెక్కోకి కడుపు కింద కాలుతున్నా వెంటనే లేచి పోవాలని తెలీదు, అలాగే పడుకుంటుంది. తిరగేసి చూసేసరికి పొట్ట మీద రూపాయి బిళ్ళంత మేర చర్మం గోధుమరంగుకి తిరిగి గట్టిపడి ఉంది. మూడు వారాలు కట్లు కట్టించాను, చీము పట్టి పోయింది. ఆ మచ్చ నాకు ఇప్పటికీ కళ్ళ ముందు కనిపిస్తుంది, అందుకే మ్యాట్ అమ్మేటప్పుడు థర్మోస్టాట్ కొననంటే మ్యాట్ కూడా ఇవ్వను.

ఎందుకొచ్చింది ఈ జబ్బు

బాబు తప్పేం లేదు, రోజూ కడుపునిండా పెట్టాడు, పెట్టినదాంట్లోనే తేడా ఉంది. మీల్‌వార్ములో కాల్షియం చాలా తక్కువ, ఫాస్ఫరస్ దానికి కొన్ని రెట్లు. గెక్కోకి కావలసింది దీనికి తిరగేసి, ఫాస్ఫరస్ ఒక వంతు ఉంటే కాల్షియం రెండు వంతులు. ఇలకోళ్ళు పెట్టినా అదే కథ, అందుకే ఏ పురుగైనా కాల్షియం పొడిలో దొర్లించి పెట్టాలి. పొడి ఒక్కటే ఉన్నా చాలదు, ఆ కాల్షియం పేగుల్లోంచి రక్తంలోకి వెళ్ళాలంటే డీ3 విటమిన్ కావాలి, అది ఎండలోని యూవీబీ కిరణాల వల్ల చర్మంలో తయారవ్వాలి, లేదా పొడిలో కలిసి రావాలి. కిటికీ అద్దం లోంచి వచ్చే ఎండలో యూవీబీ దాదాపు ఉండదు, కాబట్టి కిటికీ పక్కన పెట్టాం కదా అనుకోవద్దు.

రక్తంలో కాల్షియం ఒక స్థాయికి తగ్గకూడదు, కండరం కదలాలన్నా గుండె కొట్టుకోవాలన్నా అది కావాలి. తిండిలో రానప్పుడు మెడ దగ్గరుండే చిన్న గ్రంథులు ఎముకల్లోంచి లాగి రక్తంలో పోస్తాయి, కరువొచ్చిన ఇంట్లో విత్తనాల వడ్లు దంచుకు తిన్నట్టు. కొన్నాళ్ళు పైకి ఏమీ తెలీదు, తింటుంది, తిరుగుతుంది. ఈలోపల దవడ, కాళ్ళు, వెన్ను గుల్లబారిపోతాయి. చివరికి ఎముకల్లో కూడా లాగడానికి ఏమీ మిగలక రక్తంలోనే తగ్గిపోయినప్పుడు ఈ అదురు మొదలవుతుంది, ఆ తర్వాత దశ ఫిట్స్. అందుకే వేళ్ళు అదరడం నాకు దవడ మెత్తబడటం కంటే ఎక్కువ భయం.

సిరప్ ఎందుకు వద్దన్నానంటే మూడు కారణాలు. చాలా సిరప్పులు, టాబ్లెట్లలో డీ3 కలిపే ఉంటుంది, టాబ్లెట్‌లో 250 యూనిట్లో 500 యూనిట్లో ఉంటాయి, అది యాభై అరవై కిలోల మనిషికి. మీ గెక్కో మహా అయితే యాభై గ్రాములు. డీ3 ఎక్కువైతే నీళ్ళలో కలిసి బయటికి పోయే రకం కాదు, ఒంట్లోనే ఉండిపోతుంది, కాల్షియం తీసుకెళ్ళి కిడ్నీల్లో పేరుస్తుంది. రెండోది, నీరసంగా ఉన్న ప్రాణి నోట్లో డ్రాపర్‌తో పోస్తే ఊపిరితిత్తుల్లోకి వెళ్ళిపోతుంది. మూడోది అన్నిటికంటే ముఖ్యం, మెత్తబడిన దవడని మీరు చేత్తో తెరిస్తే విరుగుతుంది. బలవంతంగా తినిపించే వీడియోలు చూసి చెయ్యొద్దు, దయచేసి.

ఇంట్లో చెయ్యదగ్గది ఒకటుంది. చిలకల పంజరానికి తగిలించే తెల్లటి బిళ్ళ, సముద్రపు నురుగు అంటారు, పక్షుల తిండి అమ్మే చోట దొరుకుతుంది, అది ఉత్త కాల్షియం, అందులో ఫాస్ఫరస్ గొడవ లేదు. చాకుతో గీరి మెత్తటి పొడి చేసి సోడా మూతలో పోసి ట్యాంకులో పెట్టండి. కావాలనుకుంటే అదే నాకుతుంది. దీంతో జబ్బు తగ్గదు, డాక్టర్ దగ్గరికి వెళ్ళేలోపు హాని లేని సాయం అంతే.

కాశీనగరం గుంటడి గెక్కో

2021లో కాశీనగరం నుంచి ఒక గుంటడు, ఇంటర్ చదువుతున్నాడు, చెప్పుల డబ్బాలో పెట్టుకుని తెచ్చాడు. తొమ్మిది నెలల గెక్కో, బంగారం తూచే చిన్న మెషీన్ మీద పెడితే 19 గ్రాములు. కింది దవడ పక్కకి వాలిపోయి నాలుక కొస బయటికి కనిపిస్తోంది, నడుస్తుంటే కడుపు నేలకి రాసుకుంటోంది. మీది ఎలా రాశారో అచ్చం అలాగే. డాక్టర్ మొదటి రోజుల్లో కాల్షియం ఇంజెక్షన్లు ఇచ్చారు, అదురు తగ్గాక నోటి మందు రాశారు, రోజూ ఇంత అని దాని బరువుని బట్టి లెక్క కట్టి ఇన్సులిన్ సిరంజిలో గీత మీద పెన్నుతో గుర్తు పెట్టి ఇచ్చారు.

ఆ మందు ఎలా ఇచ్చేవాణ్ణో చెప్తాను, మీకు పనికొస్తుంది. నోరు తెరవలేదు. సాయంత్రం వెచ్చటి పక్క పది నిమిషాలు పడుకున్నాక, సూది తీసేసిన సిరంజి కొసకి ఒక చుక్క తెచ్చి పై పెదవి మీద, ముక్కు కన్నాల్లో పడకుండా పక్కగా, అలా ఆనించేవాణ్ణి. మొదటి రోజు చుక్క అలాగే జారిపోయింది. రెండో రోజు చాలాసేపటికి నాలుక వచ్చింది, పల్చగా గులాబీ రంగులో, ఒకసారి తుడిచి లోపలికి వెళ్ళింది. ఇంకో చుక్క. మళ్ళీ వచ్చింది. ఆ రోజు పదకొండు సార్లు నాకింది, నేను ఊపిరి బిగబట్టి లెక్కపెట్టాను. తిండి కూడా అలాగే, డాక్టర్ ఇచ్చిన పొడి పల్చగా కలిపి చుక్క చుక్కగా. మూడో వారంలో, అప్పుడే పొర విడిచి తెల్లగా మెత్తగా ఉన్న మీల్‌వార్మ్ ఒకటి ముక్కు ముందు పెడితే తోక కొస వణికించి పట్టుకుంది, నమల్లేక వదిలేసింది, మళ్ళీ పట్టుకుంది.

మూడు నెలలకి దవడ గట్టిపడింది, 41 గ్రాములు తూగింది. కుడి వెనక కాలు మాత్రం విల్లులా వంగే ఉండిపోయింది, అది ఇంక సరికాదు, కానీ వేటాడుతుంది, పొర తనే విడుచుకుంటుంది, ఇప్పటికీ ఆ అబ్బాయి దగ్గరే ఉంది. మీ బాబుకి ఇదే చెప్పండి. వంగిన ఎముక వంగినట్టే గట్టిపడుతుంది, పాత రూపం రాదు, బతుకు మాత్రం వస్తుంది. అన్నీ నిలబడతాయని మాట ఇవ్వలేను, ఫిట్స్ దాకా వెళ్ళిన రెండింటిని నేను పోగొట్టుకున్నాను, ఆ రెండూ ఆలస్యంగా వచ్చినవే.

మూసిన కన్ను

దీనికి రెండు మూడు కారణాలుంటాయి. ఒంట్లో బాగోలేక పొర సరిగ్గా విడవలేనప్పుడు కంటి రెప్ప కింద పాత పొర ముక్క ఉండిపోతుంది, ఇసక రేణువు పడొచ్చు, విటమిన్ ఏ తక్కువైనా కళ్ళు ఉబ్బి మూసుకుపోతాయి, మీల్‌వార్ములే తిన్నవాటికి ఇది నేను చాలాసార్లు చూశాను. గోరువెచ్చటి సెలైన్ చుక్కలు, మెడికల్ షాపులో దొరికే ఉత్త సెలైన్, రోజుకి రెండుసార్లు వెయ్యొచ్చు. అంతకుమించి ఇయర్ బడ్‌తో రెప్ప తెరిచి గెలకొద్దు. ఇంట్లో ఉన్న కళ్ళ చుక్కలు వెయ్యొద్దు, వాటిలో స్టెరాయిడ్ ఉంటే కంట్లో పుండు ఉన్నప్పుడు ఇంకా పాడుచేస్తుంది. పసుపు, ఆముదం, తేనె ఏవీ వద్దు. ఒకసారి ఒక గెక్కో కంట్లోంచి డాక్టర్ సన్నటి పటకారుతో తీసింది చూశాను, బియ్యపు గింజలో సగం ఉంటుంది, మైనంలా గట్టిపడిన పొర. తీసిన గంటకి కన్ను తెరిచింది.

పొర మాట వచ్చింది కాబట్టి కాలి వేళ్ళు కూడా ఒక్కొక్కటీ చూడండి. వేలి కొసకి ఉంగరంలా తెల్లటి పొర చుట్టుకుని ఉంటే రక్తం ఆగిపోయి ఆ వేలు నల్లబడి ఊడిపోతుంది. ఐస్‌క్రీమ్ డబ్బాకి పక్కన కన్నం చేసి లోపల తడిపిన టిష్యూ పెట్టి వెచ్చటి పక్క ఉంచండి, దానికి తేమ గూడు కావాలి. గదిలో తేమ ఎక్కువున్నా ఈ గూడు వేరేగా ఉండాల్సిందే, వర్షాకాలంలో కూడా.

డాక్టర్ దగ్గరికి

మన పశువుల ఆసుపత్రుల్లో ఆవులు, మేకలు, కుక్కలు చూస్తారు, సరీసృపాలు చూసినవాళ్ళు తక్కువ, అది వాళ్ళ తప్పు కాదు, కేసులే రావు. మీకు విజయనగరం జిల్లా గరివిడిలో వెటర్నరీ కాలేజీ ఉంది, పాలకొండ, రాజాం మీదుగా వెళ్ళొచ్చు, అటు భువనేశ్వర్‌లో ఒడిశా వ్యవసాయ విశ్వవిద్యాలయం వెటర్నరీ కాలేజీ ఉంది, లేదంటే విశాఖలో ఎగ్జోటిక్ పెట్స్, అంటే ఇలాంటి అరుదైన పెంపుడు జీవుల్ని, చూసే ప్రైవేటు డాక్టర్లు. ఎక్కడికైనా ముందు ఫోన్ చేసి బల్లి జాతి చూస్తారా, ఎక్స్‌రే తీస్తారా అని అడిగి వెళ్ళండి, వెళ్ళాక కాదంటే ప్రయాణంలో అది ఇంకా కుంగిపోతుంది. మీ ఊళ్ళో డాక్టర్ ఫోన్లో వాళ్ళతో మాట్లాడి ఇంజెక్షన్ ఇవ్వడానికి ఒప్పుకుంటే అది ఇంకా మంచిది, నాకు రెండుసార్లు అలాగే జరిగింది.

ఒక కాగితం మీద ఇవి రాసుకెళ్ళండి: వయసు, ఈ రోజు బరువు గ్రాముల్లో, ఏం తిన్నది, పొడి ఏదైనా వాడారా, ట్యాంకు వేడి ఎంత, రెట్ట ఎప్పుడు వేసింది, అదురు ఏ రోజు మొదలైంది. ఫోన్లో అదురుతున్న వీడియో తీసుకెళ్ళండి, డాక్టర్ ముందు అది అదరకపోవచ్చు. తాజా రెట్ట దొరికితే చిన్న మూత డబ్బాలో పట్టుకెళ్ళండి. కన్నాలు చేసిన ప్లాస్టిక్ డబ్బా, లోపల టిష్యూ, పక్కన తువ్వాలు చుట్టిన గోరువెచ్చటి బాటిల్, డబ్బా మొత్తం ఒక గుడ్డ సంచిలో చీకటిగా. బస్సులో ఒళ్ళోనే పెట్టుకోండి.

రెట్ట ఎందుకంటే, తినకపోవడానికి పురుగులు కూడా కారణం కావచ్చు. మేకలకి పోసే నట్టల మందు ఇంట్లో ఉంది కదా అని చుక్క వెయ్యొద్దు. ఇంకొకటి చెప్పక తప్పదు, క్రిప్టో అని ఒక పరాన్నజీవి ఉంది, దాంతో తింటున్నా తోక పుల్లలా సన్నబడిపోతుంది, దానికి నమ్మకంగా తగ్గించే మందు లేదు, బ్లీచింగ్‌కి కూడా చావదు, ఒక దాన్నుంచి ఇంకోదానికి అంటుకుంటుంది. మీది ఒక్కటే కాబట్టి ఆ భయం తక్కువ, పైగా దవడ మెత్తబడటం దాని లక్షణం కాదు. కానీ ఇది తేలేదాకా బాబు కోసం ఇంకో గెక్కో కొనొద్దు, జత ఉంటే సంతోషంగా ఉంటుందని ఎవరన్నా చెప్పినా సరే. ఇవి ఒంటరిగా ఉండే జీవులే. ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోవాలి, వీటి రెట్టలో సాల్మొనెల్లా అనే జబ్బు చేసే క్రిమి ఉండొచ్చు, ఇంట్లో పసిపిల్లలుంటే మరీ.

బాగయ్యాక తిండి

మీల్‌వార్మ్ ఎప్పుడైనా ఒకసారి, ఇలకోళ్ళు, దుబియా బొద్దింకలు, దొరికితే బ్లాక్ సోల్జర్ ఫ్లై పురుగులు, వాటిలో కాల్షియం సహజంగానే ఎక్కువ. పురుగు సైజు గెక్కో రెండు కళ్ళ మధ్య దూరానికి మించకూడదు. పెట్టే ముందు ఒక రోజు ఆ పురుగులకి మంచి తిండి పెట్టండి, మునగాకు, క్యారెట్, గుమ్మడి, నేను మా పెరట్లో మునగాకే వేస్తాను. డీ3 లేని కాల్షియం ప్రతి మేతకీ, డీ3 ఉన్నది, మల్టీవిటమిన్ ఎన్నిరోజులకోసారో డాక్టర్ని అడిగి క్యాలెండర్ మీద రాసుకోండి. విటమిన్ ఏ ఎక్కువైనా ప్రమాదమే. వర్షం పడ్డాక లైటు దగ్గర ఉసుళ్ళు లేస్తాయి కదా, బాబు ఏరి వేస్తాడేమో, వద్దనండి, పొలాల మందు ఏది తాకి వచ్చిందో తెలీదు. మిణుగురు పురుగు అయితే ఒక్కటి కూడా వద్దు, అది బల్లి జాతికి విషం.

ఎండ పెట్టడం గురించి ఎవరో చెప్పారన్నారు. గాజు ట్యాంకుని ఎండలో పెట్టకండి. పది నిమిషాల్లో లోపల పొయ్యిలా అవుతుంది, మా ఊళ్ళో ఒకరిది అలాగే పోయింది, ఫోన్ మాట్లాడి వచ్చేసరికి. చిన్న యూవీబీ లైటు పెట్టడం మంచిది, మధ్యలో గాజు అడ్డం లేకుండా, దాక్కోడానికి నీడ ఉండేలా.

కరెంటు పోయినప్పుడు ఏం చెయ్యాలి అని కూడా అడిగారు. 2018 అక్టోబర్లో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటాక మా గజపతి జిల్లాలో రోజుల తరబడి కరెంటు లేదు, మీకూ గుర్తుండే ఉంటుంది. అప్పుడు నా దగ్గర మూడున్నాయి. వేడి లేదు కాబట్టి మేత పూర్తిగా ఆపేశాను, నీళ్ళు మాత్రం మార్చాను. వేడి లేకుండా తిన్నది కడుపులో కుళ్ళుతుంది, తినకుండా ఉండటానికి తోకలో కొవ్వుంది. ఎనిమిది రోజులు అలాగే ఉన్నాయి, ఏమీ కాలేదు. మీది అలా తోక బలిసినది అయితే చలికాలంలో రెండు వారాలు తినకపోయినా నేను కంగారు పడేవాణ్ణి కాదు, చాలా గెక్కోలు ఈ నెలల్లో మేత తగ్గించేస్తాయి. మీదాంట్లో నన్ను భయపెట్టింది ఆకలి కాదు, ఆ అదురు, ఆ దవడ.

మీ పక్కింటి వాళ్ళు కాళకూట సాప (ఒడియాలో సాప అంటే పాము) అని ఇంట్లోంచి పారెయ్యమంటున్నారని చివర్లో రాశారు. మా వీధిలో కూడా ఇదే. మన తూర్పు కనుమల కొండల్లో దీని దగ్గరి చుట్టం ఒకటి ఉంది, 2022లో దాన్ని కొత్త జాతిగా గుర్తించారు, పెయింటెడ్ లెపర్డ్ గెక్కో అంటారు. ఒడియా వాళ్ళు ఈ కొండ గెక్కోలని కాళకూట సాప అంటారు, ఊపిరి తగిలినా మనిషి పోతాడని భయపడి కనబడగానే కర్రతో కొట్టేస్తారు. అది సాపా కాదు, దానికి విషమూ లేదు, రాత్రిపూట పురుగుల్ని తిని బతికే బల్లి. పక్కింటి అత్తని ఒకసారి పిలిచి, బాబు ఆ చుక్క పెదవికి ఆనిస్తుంటే నాలుక ఎలా వస్తుందో చూపించండి, మా పక్కింటావిడ అలా చూశాకే ఆ మాట మానేసింది. బాబుకి ఒకటి చెప్పండి, కొండ మీద అలాంటిది కనిపిస్తే ముట్టుకోకుండా వదిలెయ్యాలి, ఇంటికి తేకూడదు. అడవిది అడవిలోనే బతుకుతుంది.

ఇప్పుడు బాటిల్‌లో నీళ్ళు మార్చి, అరగంటకి థర్మామీటర్ ఎంత చూపిస్తోందో నాకు రాయండి. బరువు కూడా.